ఏ డబ్బని అడగని ఊరు

అక్టోబర్ 9

ఉదయం ఆరున్నరకి కొక్కేల లెక్క. 412 పంట్లు, 412 కొక్కేలు. అన్నీ బిగుతుగా ఉన్నాయి.

గోదావరి ఆనకట్ట లాకు దాటి నాలుగు రోజులైంది. పంటుకి పంటు, అంటే బల్లకట్టుకి బల్లకట్టు, గొలుసుతో కట్టుకుని నీళ్ల మీద బతికే మా గొలుసుపేటని టగ్గు బోట్లు లాక్కొచ్చి ఎడమగట్టుకి ఆనించాయి. పందొమ్మిదేళ్లు సముద్రం మొహాన ఉన్నాం. ఊరు కదలడం ఇదే మొదటిసారి. మే నెల తుపానులో పదకొండు పంట్లు పోయాక, ఇక అక్కడ ఉండలేమని తీర్మానించాం.

ఈ నమోదు పత్రిక కోసం కాదు. నేను నడిపే 'గొలుసు వార్త' రోజుకి ఒక్క పేజీ. అందులో పట్టనివి, ఇంకా తేలనివి ఇక్కడ రాసుకుంటాను.

కింద, సముద్రం దగ్గర, మంచినీళ్లే డబ్బు. ఇరవై లీటర్లు ఒక బిందె. ఇక్కడ ఏట్లో ముంచుకుని బురద వడకడితే తాగొచ్చు, కాబట్టి నీళ్లకి విలువ లేదు. ఇక్కడి డబ్బు కరెంటు, అంటే యూనిట్. లాకు దగ్గర గుమాస్తా ఒక్కొక్కరి కార్డూ తీసుకుని మూడు బిందెలకి ఒక యూనిట్ చొప్పున మార్చి ఇచ్చాడు. నాకు 612 బిందెలుండేవి. 204 యూనిట్లయ్యాయి.

గట్టు మీద టీ తాగాను. ఎంత అంటే రెండు అన్నాడు. కింద అయిదు కదా, చవగ్గా ఉందనుకుంటూ పంటు దాకా వచ్చాను. రెండు యూనిట్లంటే ఆరు బిందెలని అప్పుడు తట్టింది.

అడగొచ్చు. కానీ మా ఊళ్లో అడగరు. రూపాయి పడిపోయిన కొత్తలో రేవుకో డబ్బు ఉండేది. చెల్లనిది అంటగట్టేవాళ్లు ఉండేవారు. ఎవరినైనా ఏ డబ్బని అడిగితే నువ్వు దొంగవా అని అడిగినట్టే. ఆ రోజులు పోయినా ఆ మర్యాద ఉండిపోయింది. ధర చెప్పేటప్పుడు అంకె చెబుతాం, అంతే. కిందటేడు కొత్తగా వచ్చి చేరిన ఒకాయన ఇడ్లీ పంటు దగ్గర "నాలుగంటే ఏ డబ్బులోనండీ?" అన్నాడు. ఇడ్లీలమ్మే బుల్లెమ్మ ఆయన చేతిలో పెట్టిన ప్లేటు వెనక్కి లాక్కుంది.

అక్టోబర్ 10

ఓలేటి నూకరత్నం వచ్చింది. ఫిల్టర్లు బాగుచేస్తుంది. నలభై నాలుగేళ్లు, ఒక్కతే ఉంటుంది. పంటు ముందు సగం వర్క్‌షాపు, వెనక సగం ఇల్లు.

సెప్టెంబర్ 20న, ఊరింకా సముద్రం దగ్గరే ఉండగా, ఊరి సంఘం ఇక్కడి గట్టు వరస చోట్లకి వేలం పాట పెట్టింది. నడి ఏట్లో చోటు ఉచితం. గట్టు పక్క మాత్రం 38 చోట్లే ఉన్నాయి. గిరాకీ నడిచి రావాల్సినవాళ్లు పాడుకున్నారు: కొట్లవాళ్లు, టైలర్లు, క్లినిక్, నూకరత్నం. ఆ వచ్చే మొత్తం టగ్గులకి. డబ్బు మాత్రం ఊరు ఇక్కడికి చేరాక, ఈ నెల 31లోగా కట్టాలి.

ఫోను తెచ్చి నా కళ్ల ముందు పెట్టింది.

"చూడు పేపరన్నయ్యా, నా అంకె వెనక చుక్కొచ్చింది. చుక్క వెనక మూడు సున్నాలొచ్చాయి."

450.000 అని ఉంది.

"సున్నాలే కదమ్మా. చుక్క తర్వాత ఎన్నుంటే ఏంటి?"

"సున్నాలు కాదు, ఆ పక్కది చదువు."

పక్కన చిన్న అక్షరాల్లో 'యూనిట్లు' అని ఉంది.

"నేను పాడింది నాలుగొందల యాభై బిందెలు. అంటే నూట యాభై యూనిట్లు. కార్డులో నూట డెబ్భై ఉన్నాయి, కట్టేసి వద్దామని వెళ్లాను. ఇంకో రెండొందల ఎనభై పట్రమ్మంటున్నాడు కౌంటర్లో."

"పొరపాటయ్యుంటుంది."

"పొరపాటైతే ఒకళ్లిద్దరికి రావాలి. టైలరుకీ ఇంతే, క్లినిక్ డాక్టరుగారికీ ఇంతే. ముప్పై ఎనిమిది మందికీ వస్తే దాన్ని పొరపాటంటారా?"

నెలకి ఆమెకి వచ్చేది తొంభై యూనిట్లు. నాలుగు వందల యాభై అంటే అయిదు నెలల సంపాదన, తిండి మానేస్తే.

సంఘం తొమ్మిదో నిబంధన చూశాను. పాట పాడి గడువులోగా కట్టని పంటుకి కొక్కెం విప్పాలి. కొక్కెం విప్పితే గొలుసు నుంచి కరెంటు రాదు, ఊరి జాబితాలో పేరుండదు. పందొమ్మిదేళ్లలో మూడు పంట్లకి విప్పారు. ఆ మూడూ ఎక్కడున్నాయో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

అక్టోబర్ 11

సంఘం యాప్ రాసింది చెల్లుబోయిన హైమ. ఆరేళ్లుగా దాన్ని చూసుకునేదీ ఆమే. నేను వెళ్లేసరికి పంటు అంచున కూర్చుని సర్వర్ పెట్టె ఫ్యానుకి పట్టిన మట్టి టూత్‌బ్రష్‌తో తోముతోంది.

ఒప్పందాల పట్టికలో ఏమేం ఉంటాయని అడిగాను.

"నాలుగు కాలమ్‌లండి. ఎవరు, ఎవరికి, ఎంత, ఎప్పుడు."

"ఏ డబ్బో?"

"అది లేదండి."

"మరి తెర మీద యూనిట్లని వస్తోంది కదా."

"అది ధరతో పాటు దాచింది కాదండి. ఊరి సెట్టింగులో ఒక్కచోట రాసి ఉంటుంది. అంకె తెర మీదకి వచ్చేటప్పుడు ఆ పేరు తగిలిస్తుంది. కింద ఉన్నన్నాళ్లూ అక్కడ బిందె అని ఉండేది. లాకు దగ్గర ఎగువ అధికారులు మార్చమన్నారు. ఒక్క లైను మార్చాను." బ్రష్ పక్కన పెట్టింది. "పందొమ్మిది వందల ఆరు ఒప్పందాలూ ఒకేసారి పేరు మార్చుకున్నాయి."

"మరి కార్డులు సరిగానే మారాయే?"

"కార్డులు గుమాస్తా చేత్తో మార్చాడు కదండీ. మూడుకొకటి."

అంటే చేతిలో ఉన్న డబ్బు మూడో వంతయింది. నోటితో ఒప్పుకున్న ధర అంకె అంతే ఉంది, పక్కన పేరు మాత్రం మారింది. కట్టాల్సింది మూడు రెట్లయింది.

"ఆ కాలమ్ మొదట్లోనే ఎందుకు పెట్టలేదమ్మా?"

హైమ బ్రష్ మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"పెట్టానండి. మొదటి నెల్లో ఉండేది. ధర కొట్టగానే 'ఏ డబ్బు?' అని అడిగేది. మీరు పేపర్లో ఒక ముక్క రాశారు. తర్వాత సంఘంవాళ్లు తీసేయమన్నారు."

ఇంటికొచ్చి పాత ఫైలు తీశాను. ఉంది. ఆరేళ్ల కిందటి ఫిబ్రవరి 3. శీర్షిక: 'మనని దొంగలనుకుంటున్న యాప్'. నాలుగు పేరాలు. రెండో పేరాలో ఒక జోకు. అది ఇప్పటికీ బాగానే ఉంది. ముక్క అచ్చయిన తొమ్మిదో రోజున ఆ కాలమ్ తీసేయాలని సంఘం తీర్మానించింది. తీర్మానంలో కారణం కింద నా మూడో పేరా మొత్తం ఎత్తి రాశారు.

ఆ ముక్క రాసేముందు నేను హైమని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

అక్టోబర్ 12

ఊళ్లో వాళ్లలో వాళ్లకున్న ఒప్పందాలు ఎలా ఉన్నాయో తిరిగి చూశాను. ఇంకా తీరని ఒప్పందాలు 61. అందులో 38 గట్టు వరసవి. మిగతా 23 ఇద్దరు మనుషుల మధ్యవి. ఆ ఇరవై మూడూ ఇప్పటికే సరిచేసుకున్నారు. వల అమ్మినవాడు కొన్నవాడి పంటుకి వెళ్లి, "నీ తొంభై ముప్పయ్యేలే బావా, ఆ యాప్ మాట వినకు" అన్నాడట. ఒక్కచోట కూడా గొడవ లేదు.

తేలనివి సంఘానికి రావాల్సినవే.

అక్టోబర్ 14

సంగాని భద్రయ్య సంఘం అధ్యక్షుడు. నాకు చిన్నప్పట్నించి తెలుసు. ఒకళ్లనొకళ్లం ఏరా అనే పిలుచుకుంటాం, నలుగురిలో తప్ప.

నేను నోరు తెరవకముందే డ్రాయరులోంచి టగ్గు బిల్లు తీసి బల్ల మీద పెట్టాడు. 14,000 యూనిట్లు.

"పద్నాలుగు వేలన్నాడురా టగ్గుల సోమేశం. యాప్‌లో పద్నాలుగు వేలు రాయించాను. పాటకి పద్నాలుగు వేల రెండొందలు వచ్చింది. సరిపోయింది, రెండొందలు మిగులు కూడానని సంబరపడ్డాం. ఇప్పుడిది పంపాడు."

"ఏ డబ్బని అడిగావా?"

"నువ్వయితే అడుగుదువా?"

నేను బిల్లు తిప్పి చూశాను.

"పెద్దమనిషిలా వచ్చాడు. కూర్చున్నాడు, టీ తాగాడు, అంకె చెప్పాడు. మొహం పట్టుకుని ఏ డబ్బయ్యా అని అడగమంటావా?"

"సరే, ఇప్పుడేం చేస్తావు?"

"నేనేం చెయ్యను. అంకెకి అంకె సరిపోయింది. యాప్‌లో ఉన్నది ఉన్నట్టు వసూలు చేస్తాను. నేను దిద్దానా? ఎవరైనా దిద్దారా? నాలుగొందల యాభై నాలుగొందల యాభైగానే ఉంది."

"నాలుగొందల యాభై బిందెలురా."

"అని ఎవరన్నారు? పాట రోజు నువ్వూ అక్కడే ఉన్నావు, పుస్తకం పట్టుకుని. బిందె అన్న మాట ఒక్కరి నోట్లోంచైనా వచ్చిందా?"

పంటుకి వచ్చి ఆ రోజు నోట్‌బుక్ తీశాను. ముప్పై ఒకటో పేజీ. 'ఓలేటి నూకరత్నం, గట్టు వరస 17వ చోటు, 450.' నా చేతిరాతే. అంకె పక్కన ఏమీ లేదు. మొత్తం 38 పేర్లు, 38 అంకెలు. ఎక్కడా డబ్బు పేరు లేదు. ముప్పై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. తేదీ, వయసు, ఇంటిపేరు వదలను. ఇది రాసుకోవాలని నాకూ తోచలేదు.

అక్టోబర్ 15

టగ్గు ఆఫీసు గట్టు మీద, రెండు కిలోమీటర్లు. నడిచి వెళ్లాను. మోసం ఉందేమో చూడాలని. లేదు. గోడ మీద బోర్డుంది, రంగు చూస్తే రెండేళ్ల నాటిది: లాకు దాటించి లాగుడు, పంటుకి 34 యూనిట్లు. 412ని 34తో గుణిస్తే 14,008.

"ఆ ఎనిమిది వదిలేశామండి" అన్నాడు గుమాస్తా. మర్యాదస్తుడు.

గడువు పెంచుతారా అని అడిగాను.

"నవంబర్ 15 దాకా చూస్తామండి. లంగరు గొలుసులు మావే కదా. అప్పటికీ రాకపోతే విప్పుకుని పోతాం."

లెక్క వేశాను. 14,200 బిందెలంటే 4,733 యూనిట్లు. బిల్లుకి 9,267 తక్కువ. అది 412 పంట్లకీ సమంగా పంచితే పంటుకి ఇరవై రెండున్నర యూనిట్లు. ఒక పంటు పదిహేడు రోజులు వాడుకునే కరెంటు. అలా పంచకపోతే మొత్తం భారం 38 మంది మీద పడుతుంది. భద్రయ్యకి ఈ లెక్క తెలుసు. నాకంటే ముందే వేసుంటాడు.

అక్టోబర్ 18

ఇవాళ్టి పేజీ మొత్తం దీనికే ఇచ్చాను. శీర్షిక: 'ధర పక్కన డబ్బు పేరు ఉండాలి'. పాట ఎప్పుడు జరిగింది, సెట్టింగు ఎప్పుడు మారింది, టగ్గు బోర్డు మీద ఏముంది, ఎవరికి ఎంత తేడా. ఆరేళ్ల కింద ఆ కాలమ్ తీయించింది నా రాతేనని అయిదో పేరాలో పెట్టాను. కాలమ్ వెంటనే చేర్చాలని చివర్లో అడిగాను.

ఇడ్లీ పంటు దగ్గర బుల్లెమ్మ పేజీ మడిచి విసురుకుంటోంది.

"తమరే తీయించారు, తమరే పెట్టమంటున్నారు. ఏదో ఒక మాట మీదుండండి బాబూ."

సాయంత్రం భద్రయ్య కబురు పంపాడు. కాలమ్ చేరుస్తామని, దీనికోసం 26న సభ పెడతామని. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు. నూకరత్నానికి చెబితే, వెల్డింగు అద్దాలు నుదుటి మీదకి నెట్టుకుని, "నిజంగానా?" అని రెండుసార్లు అడిగింది.

అక్టోబర్ 23

హైమ వచ్చి కూర్చుంది. మంచినీళ్లిస్తే తాగలేదు.

"కాలమ్ చేర్చడం పెద్ద పనేం కాదండి. పట్టికలోని కొత్త వరసల్లో, రాసేవాళ్లు డబ్బు పేరు కూడా రాస్తారు. పాత వరసల్లో ఏం నింపాలి?"

"ఖాళీగా ఉంచితే?"

"ఖాళీ ఉంటే వసూలు పేజీ ఆ వరసని తీసుకోదు. ఏదో ఒకటి నింపాల్సిందే. అక్టోబర్ 5కి ముందువన్నీ బిందె, తర్వాతవి యూనిట్ అని ఒక్క షరతు రాస్తే చాలు. అర నిమిషం పని. రాసి తీసుకెళ్లాను కూడా."

"భద్రయ్య ఏమన్నాడు?"

"సభ తేల్చాలన్నారండి. పాత వరసల్లో ఏముండాలో ఓటు పెడతారట."

సెప్టెంబర్‌లో జరిగినదాని మీద అక్టోబర్‌లో ఓటు. అది తప్పని ఇవాళ్టి పేజీలోనే రాయాల్సింది. సభ తర్వాత రాద్దామనుకున్నాను.

అక్టోబర్ 26

సాయంత్రం నాలుగింటికి క్యాంటీన్ పంటు మీద సభ. వచ్చినవాళ్లు మూడు వందల పైన. చోటు చాలక పక్క పంట్ల మీద నిలబడ్డారు.

భద్రయ్య నిదానంగా చెప్పాడు. "కొన్నది ఎక్కడి చోటు? ఇక్కడిది. ఇక్కడి చోటు ధర ఇక్కడి డబ్బులోనే ఉంటుందని తెలిసే పాడి ఉంటారు. ఎవర్నీ నేను తప్పుపట్టడం లేదు."

నూకరత్నం లేచింది.

"బాబాయ్, నేను పాడిన రోజు మన కాళ్ల కింద ఉన్నవి ఉప్పునీళ్లా మంచినీళ్లా?"

"ఉప్పునీళ్లే."

"యూనిట్ కార్డు ఎలా ఉంటుందో ఆ రోజుకి నేను చూసైనా ఉన్నానా? కళ్లతో చూడని డబ్బులో పాడతానా?"

వెనక నుంచి ఎవరో అరిచారు. "కళ్లతో చూడని చోటుకి పాడావుగా!"

నవ్వులు. ఆమె కూడా ఒక్క క్షణం నవ్వబోయి ఆగింది.

"సరే, నవ్వండి. నాలుగొందల యాభై యూనిట్లంటే పదమూడొందల యాభై బిందెలు. ఈ ఊళ్లో ఒక్క చోటు కోసం పదమూడొందల యాభై పెట్టినవాడు ఎవడైనా ఉంటే చెయ్యెత్తండి. వాడి కాళ్లు కడుగుతాను."

ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు భద్రయ్య ఇంకో కాగితం చదివాడు. 'పాత వరసల్లో బిందె అని నింపితే ఒక్కో పంటు మీద పడే మొత్తం: 22.5 యూనిట్లు.' నవ్వులు ఆగిపోయాయి.

సంఘం నిబంధనల్లో సొంత లాభనష్టాలున్నవాళ్లు ఓటు వేయకూడదని ఉంది. ఆ నిబంధన చదివి 38 మందినీ ఓటుకి దూరం పెట్టారు. మిగతా 374 పంట్లకీ ఇరవై రెండున్నర యూనిట్ల లాభనష్టం ఉంది కదా అని నేను లేచి అడిగాను. పత్రికవాళ్లకి సభలో ప్రశ్నలు వేసే హక్కు లేదని కార్యదర్శి గుర్తుచేశాడు. అదీ నిజమే.

ఓటు ఫోన్లలో. పాత వరసల్లో యూనిట్ అని నింపాలన్నవి 288. బిందె అన్నవి 59. వేయనివి 27. విలేకరి ఓటు వేయకూడదని నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. ఆ 27లో నాది ఒకటి.

అక్టోబర్ 27

ఉదయం తొమ్మిదింటికి హైమ పని పూర్తి చేసింది. నేను పక్కనే ఉన్నాను. తనకి తోచిన షరతు తీసేసి, సభ చెప్పింది రాసింది. మీట నొక్కాక నాలుగు సెకన్లు పట్టింది.

నూకరత్నం వరస తీసి చూపించింది. 'ఓలేటి నూకరత్నం, గొలుసుపేట సంఘం, 450, యూనిట్, సెప్టెంబర్ 20.'

నిన్నటిదాకా ఏ డబ్బో ఆ వరస చెప్పేది కాదు. అందుకే వాదించడానికి వీలుండేది. ఇప్పుడు చెబుతోంది. రేపు కొత్తవాళ్లెవరైనా యాప్ తెరిచి చూస్తే, సెప్టెంబర్ 20న ఆమె యూనిట్లలోనే పాడిందనుకుంటారు. అనుకోకపోవడానికి కారణం ఉండదు.

"పాత ప్రతి ఒకటి దాచానండి" అంది హైమ.

"అందులో ఏముంది?"

"అంకె."

నేను అడిగిన కాలమ్ ఇదే. 18వ తేదీ పేజీలో, చివరి పేరాలో అడిగాను. పాత వరసల్లో ఏం నింపాలో అడగలేదు.

అక్టోబర్ 30

ముప్పై ఏడుగురు కట్టేశారు. ఎలా కట్టారో తిరిగి రాసుకున్నాను. టైలరు రెండు మిషన్లలో ఒకటి అమ్మాడు. క్లినిక్ డాక్టరు మందులు పెట్టే ఫ్రిజ్ అమ్మాడు, ఇన్సులిన్ ఇప్పుడు తడి గోనె చుట్టిన కుండలో ఉంది. కిరాణా కొట్టాయన ఏం అమ్మాడో చెప్పలేదు. పదకొండు మంది గట్టు మీది వ్యాపారి దగ్గర వడ్డీకి తెచ్చారు.

నూకరత్నం దగ్గరికి వెళ్లాను. నా కార్డులో 168 ఉన్నాయి, హైమ 60 ఇస్తానంది, ఇంకో 52 ఎలాగో చూద్దామన్నాను. సరిగ్గా రెండు వందల ఎనభై.

ఆమె ఒక బురద ఫిల్టరు విప్పి పొరలు వరసగా ఆరబెడుతోంది. చెయ్యి ఆపలేదు.

"వద్దన్నయ్యా."

"అప్పనుకో. నెలకింత ఇద్దువుగాని."

"అప్పు సంగతి కాదు. కడితే, ఆ అంకె నేనన్నట్టే కదా. ఇప్పటిదాకా వాళ్లు రాశారు. కట్టానంటే నేను సంతకం పెట్టినట్టు."

"కొక్కెం విప్పుతారమ్మా."

"విప్పనీ. నా పాట మీద నేనున్నాను. నూట యాభై రేపు పట్టుకెళ్తాను, తీసుకుంటే తీసుకుంటారు." ఒక పొర ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది. "అయినా నువ్వా 168 ఇచ్చేస్తే నెలంతా ఏం తింటావ్? పేపరా?"

అక్టోబర్ 31

పదకొండింటికి ఆమెతో పాటు సంఘం కౌంటర్‌కి వెళ్లాను. కార్డు పెట్టి నూట యాభై తీసుకోమంది. కౌంటర్ అబ్బాయి కొట్టాడు. 'మొత్తం 450 యూనిట్లు. భాగం చెల్లదు' అని తెర మీద వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే.

"తీసుకోవట్లేదత్తా."

"యాప్ తీసుకోవట్లేదా, మీరు తీసుకోవట్లేదా?"

అతను లోపలికి వెళ్లి భద్రయ్యని అడిగి వచ్చాడు. ఒకరికి తగ్గిస్తే కట్టిన ముప్పై ఏడుగురికీ వెనక్కివ్వాలని జవాబు. ఆమె కార్డు జాకెట్టులో పెట్టుకుని వచ్చేసింది.

నవంబర్ 1

ఉదయం పదింటికి నూకరత్నం పంటు దగ్గరికి సంఘం మనుషులు ఇద్దరు వచ్చారు. కొక్కెం తుప్పుపట్టి పట్టేసింది. సుత్తితో ఇరవై నిమిషాలు కొట్టారు, కదల్లేదు. నూకరత్నం లోపలినుంచి పెద్ద పానా, నూనె డబ్బా తెచ్చింది.

"జరగండి. పక్క పంటు అంచు విరగ్గొడతారు మీరు."

ఆమే విప్పింది. నాలుగు నిమిషాలు పట్టింది.

పంటుకి మోటారు లేదు. గట్టు నుంచి ఒక చిన్న బోటు మాట్లాడుకుంది, కుడిగట్టున పాత ఇసుక ర్యాంపు దాకా లాగడానికి. అక్కడ ఏ జాబితాలోనూ లేని పంట్లు కొన్ని ఉన్నాయంటారు. బోటువాడు ముప్పై అన్నాడు.

"ఏ డబ్బు?" అంది నూకరత్నం. మా ఊరివాళ్లు యాభై మంది దాకా చూస్తున్నారు.

"యూనిట్లేనమ్మా" అన్నాడు బోటువాడు. అతను ఏమీ అనుకోలేదు.

పదీ నలభైకి బయల్దేరారు. వర్క్‌షాపు పంట్లలో అది పెద్దది, తిప్పడానికి కాస్త సమయం పట్టింది. ఇవాళ్టి పేజీలో వార్త మూడు లైన్లు. పేరు, చోటు నంబరు, సమయం. కారణం కింద 'గడువులోగా చెల్లించనందున' అని సంఘం ప్రకటనలో ఉంది. దాని పక్కన పాట ఏ డబ్బులో జరిగిందో ఒక వాక్యం రాశాను. ఆధారం ఏమిటని కార్యదర్శి ఫోన్ చేశాడు. అక్కడ నేనున్నానని చెప్పాను. నోట్‌బుక్ పంపమన్నాడు. పంపలేదు.

నవంబర్ 6

17వ చోటుకి మళ్లీ పాట. యాప్ ఇప్పుడు ధర కొట్టగానే ఏ డబ్బని అడుగుతోంది. పాడేవాళ్లు కూడా నోటితో చెబుతున్నారు: తొంభై యూనిట్లు, నూట పది యూనిట్లు. ఎవరికీ కోపం రాలేదు. ఆరేళ్ల కింద కూడా వచ్చి ఉండేది కాదేమో.

ఫోన్లు బాగుచేసే వీరాస్వామి 140 యూనిట్లకి పాడుకున్నాడు. అంతకంటే ఎవరూ ఇవ్వలేదు.

నవంబర్ 10

టగ్గు బిల్లు కట్టేశారు. సంఘం నోటీసు వచ్చింది. 37 మంది నుంచి 13,750 యూనిట్లు. 17వ చోటు కొత్త పాట 140 యూనిట్లు. మొత్తం 13,890. బిల్లు 14,000. లోటు 110 యూనిట్లు.

నూకరత్నం కౌంటర్‌లో పెట్టిన నూట యాభై తీసుకుని ఉంటే లోటు 100 ఉండేది.

ఆ 110 యూనిట్లనీ ఊళ్లో మిగిలిన 411 పంట్లకీ పంచారు. నోటీసులో ప్రతి అంకె పక్కనా డబ్బు పేరుంది. మొత్తాలు రెండుసార్లు కూడి చూశాను, తప్పు లేదు. భారం ఎక్కువైందని ఎవరూ అనలేదు. సాయంత్రానికల్లా 396 పంట్లవాళ్లు కట్టేశారు.

నా పంటు వాటా 0.268 యూనిట్. కట్టాను.